పసికందును అప్పగించే తల్లికి చట్టం అభయమిస్తోందా? కోల్‌కతా అనుభవం చెబుతున్నదేమిటి?

కోల్‌కతా: చైతన్య మహాప్రభువు జన్మస్థలంగా ప్రసిద్ధి చెందిన నవద్వీప్‌లో 2025 డిసెంబరు తొలి రోజుల్లో జరిగిన ఒక సంఘటన దేశమంతటా వార్త అయింది. పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో ఉన్న ఆ పట్టణంలో, రైల్వే కార్మికుల కాలనీలో, పుట్టి కొద్ది గంటలే అయిన శిశువును ఎవరో రాత్రివేళ స్నానాలగది బయట వదలి వెళ్లారు. తెల్లవారేసరికి వీధికుక్కలు బిడ్డ చుట్టూ చేరి కాపలా కాస్తున్న దృశ్యం స్థానికుల కంటబడింది. బిడ్డను ఆసుపత్రికి చేర్చారు. సామాజిక మాధ్యమాలు కుక్కల విశ్వాసాన్ని వేనోళ్ల కొనియాడాయి. పోలీసులు బిడ్డను వదలినవారి కోసం ఆరా తీయడం ప్రారంభించారు. ఈ రెంటి నడుమ అడగవలసిన ప్రశ్న ఒకటి మరుగున పడింది. ఆ రాత్రి ఆ తల్లి బిడ్డను ఎక్కడికైనా తీసుకువెళ్లి, పేరు బయటపడకుండా, కేసు భయం లేకుండా అప్పగించే వీలు మన చట్టంలో ఉందా?

ఉంది. అయితే అది ఉన్న చోటు ఆమెకు కనిపించేది కాదు. శిశువును వదలివేయడాన్ని నేరంగా ప్రకటించే సెక్షన్ ఒక చట్టంలో ఉంది. తల్లిదండ్రులపై కేసు పెట్టరాదనే వాక్యం వేరొక చట్టంలో, దత్తత ప్రక్రియను వివరించే అధ్యాయంలో, ఒక మినహాయింపు నిబంధనగా ఒదిగి ఉంది. మొదటిది పోలీసులకు కంఠోపాఠం. రెండోది న్యాయవాదులలోనే చాలామంది వెతికి చూసుకోవలసిన విషయం.

కలకత్తాలో పుట్టిన సెక్షన్

పన్నెండేళ్ల లోపు బిడ్డను పూర్తిగా విడిచిపెట్టే ఉద్దేశంతో ఎక్కడైనా వదలివేసే తల్లిదండ్రులకు, సంరక్షకులకు ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చునని భారత శిక్షాస్మృతిలోని 317వ సెక్షన్ చెప్పేది. ఆ స్మృతి ముసాయిదాను మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ కలకత్తాలో రూపొందించింది. 1860లో అదే నగరంలోని శాసన మండలి ఆమోదించింది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత 317వ సెక్షన్ ఇందులో 93వ సెక్షన్ అయింది. అంకె మారింది, ఏడేళ్ల శిక్ష మారలేదు. వలస పాలన నాటి ఆలోచనల నుంచి విముక్తి కల్పిస్తున్నామంటూ తెచ్చిన సంహితలో, ఆసుపత్రి ఊయలలో బిడ్డను పడుకోబెట్టిన తల్లికీ ముళ్లపొదలో విసిరిన వ్యక్తికీ మధ్య తేడా చూపే ఒక్క వాక్యం చేర్చే అవకాశం పార్లమెంటుకు లభించింది. అది వినియోగం కాలేదు.

ఇక రెండో చట్టం 2015 నాటి బాలల న్యాయ చట్టం. తమ అదుపులో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను హాజరుపరచి అప్పగించవచ్చునని ఇందులోని 35వ సెక్షన్ చెబుతోంది. కమిటీ విచారణ జరిపి, కౌన్సెలింగ్ ఇచ్చి, అప్పగింత పత్రం రాయిస్తుంది. ఆ తరువాత రెండు నెలల గడువు ఉంటుంది. ఆ లోగా తల్లి మనసు మార్చుకుంటే బిడ్డను తిరిగి తీసుకోవచ్చు. బిడ్డను వదలడాన్ని క్రూరత్వంగా పరిగణించే 75వ సెక్షన్‌లోనూ, పరిస్థితుల ఒత్తిడి వల్ల కన్నవారు వదలివేస్తే అది ఉద్దేశపూర్వకం కాదని భావించాలనే మినహాయింపు ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది 38వ సెక్షన్‌లోని నిబంధన. వదలివేసిన లేదా అప్పగించిన బిడ్డకు సంబంధించిన విచారణ క్రమంలో, మరే చట్టంలో ఏమున్నప్పటికీ, కన్నవారిపై ఎఫ్‌ఐఆర్ నమోదు చేయరాదని అది స్పష్టంగా పేర్కొంటోంది.

కాగితం మీద చదివితే ఇది అమెరికాలోని సురక్షిత అప్పగింత చట్టాలకు ఏమాత్రం తీసిపోదు. ఒక విధంగా వాటికన్నా ఉదారమైనది. అక్కడ బిడ్డను నిర్దేశించిన చోటనే అప్పగించాలి. ఇక్కడ వదలివేసిన బిడ్డకూ ఈ రక్షణ వర్తిస్తుంది. అయినా ఆచరణలో ఏమి జరుగుతోంది? పసికందు దొరకగానే గుర్తుతెలియని వ్యక్తులపై కేసు నమోదు కావడం, సీసీటీవీ దృశ్యాలను జల్లెడ పట్టడం, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఇటీవల ప్రసవించినవారి వివరాలు సేకరించడం, తల్లి దొరికితే ఆ విషయాన్ని విలేకరులకు వెల్లడించడం పరిపాటిగా మారాయి. వదలినవారు కన్నవారో కారో తెలియని దశలో కేసు పెట్టామని పోలీసులు చెబుతారు. కన్నతల్లి అని తేలిన తరువాత ఆ కేసు ఏమవుతుందో చెప్పే విధానం మాత్రం సంహితలో లేదు. 93వ సెక్షన్, 38వ సెక్షన్ పరస్పరం పలకరించుకోవు.

ఒక ద్వారం మూతపడిన కథ

ఈ చర్చకు కోల్‌కతాను మించిన చోటు దేశంలో మరొకటి కనిపించదు. మదర్ థెరిసా 1955లో ఇక్కడ ప్రారంభించిన నిర్మల శిశుభవన్, చట్టంతో నిమిత్తం లేకుండానే సురక్షిత అప్పగింత కేంద్రంగా పనిచేసింది. బిడ్డలను చంపవద్దు, మాకివ్వండి అని ఆసుపత్రులకు, క్లినిక్‌లకు, పోలీసు స్టేషన్లకు కబురు పంపామని 1979 నాటి నోబెల్ ప్రసంగంలో ఆమె స్వయంగా చెప్పారు. గర్భస్రావంపై ఆమె వైఖరితో ఏకీభవించనివారు ఎందరో ఉన్నారు. కానీ ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డులోని ఆ గేటు వద్ద ఎవరి బిడ్డ అని అడగరన్న నమ్మకం నగరంలో దశాబ్దాల పాటు నిలిచింది. ఆ నమ్మకానికి ఆధారం చట్టం కాదు, నీలి అంచు తెల్లచీర.

2015లో కేంద్రం కొత్త దత్తత మార్గదర్శకాలు తెచ్చింది. దరఖాస్తు నుంచి కేటాయింపు వరకు అంతా కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారానే జరగాలని, ఒంటరి వ్యక్తులకూ దత్తత అర్హత ఉండాలని అందులో నిర్దేశించారు. ఒంటరివారికి, విడాకులు పొందినవారికి పిల్లలను ఇవ్వడం తమ విశ్వాసాలకు సరిపడదంటూ మిషనరీస్ ఆఫ్ చారిటీ అదే ఏడాది అక్టోబరులో దత్తత కార్యక్రమం నుంచి వైదొలగింది. ఏ కుటుంబం బిడ్డకు తగినదో నిర్ణయించే అధికారం ఒక మతసంస్థ విచక్షణకు కాక, అందరికీ ఒకే తీరున వర్తించే నియమావళికి ఉండటమే సబబు. ఆ విషయంలో ప్రభుత్వ వైఖరిని తప్పుపట్టలేం. అయితే ఆ గేటు రెండు పనులు చేసేది. ఒకవైపు దత్తత ఇచ్చేది, మరొకవైపు బిడ్డను తెచ్చిన స్త్రీకి మాట రానివ్వకుండా చూసేది. మొదటి పనికి ప్రత్యామ్నాయంగా ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. రెండో పనికి ఏమి వచ్చిందో అప్పట్లో ఎవరూ ఆలోచించినట్లు కనిపించదు.

ఏడాది తిరిగేసరికి, 2016 నవంబరులో, ఉత్తర 24 పరగణాల జిల్లా బాదుడియాలోని ఒక నర్సింగ్‌హోమ్‌లో బిస్కెట్ల అట్టపెట్టెల్లో దాచిన పసికందులను రాష్ట్ర సీఐడీ పోలీసులు గుర్తించారు. దర్యాప్తు కోల్‌కతా నగరంలోని నర్సింగ్‌హోమ్‌ల వరకు పాకింది. నగరం దక్షిణ శివారులోని ఠాకూర్‌పుకుర్‌లో ఒక ఆశ్రమం నుంచి పది మంది ఆడ శిశువులను కాపాడారు. గర్భస్రావం కోసం వచ్చిన అవివాహితలను ప్రసవం దాకా ఆగేలా ఒప్పించి బిడ్డలను తీసుకున్నారని, పేద తల్లులకు బిడ్డ చనిపోయి పుట్టిందని చెప్పి తరలించారని దర్యాప్తు అధికారులు అభియోగం మోపారు. మరుసటి ఏడాది ఆరంభంలో జల్పాయ్‌గుడిలో గుర్తింపు ఉన్న దత్తత కేంద్రం నిర్వాహకులే అరెస్టయ్యారు. 2018 జులైలో పొరుగునే ఉన్న రాంచీలో మిషనరీస్ ఆఫ్ చారిటీ నడిపే అవివాహిత తల్లుల ఆశ్రమంలోనూ శిశు విక్రయ ఆరోపణలపై ఒక సన్యాసినిని, ఒక ఉద్యోగినిని అరెస్టు చేశారు. ఈ వార్తలు నగరవాసుల మనసులపై ఎంతటి ముద్ర వేశాయంటే, 2018 సెప్టెంబరులో హరిదేవ్‌పుర్‌లోని ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ సంచులు బయటపడగానే అవి పద్నాలుగు మంది నవజాత శిశువుల అవశేషాలని అధికారంలో ఉన్నవారే ప్రకటించారు. వాటిలో మానవ కణజాలమే లేదని కొన్ని గంటల్లోనే పోలీసులు వివరణ ఇవ్వవలసి వచ్చింది.

బాదుడియా ముఠాకు గేటు మూసివేతే కారణమని చెప్పడం తొందరపాటు అవుతుంది. ఆ వ్యాపారం అంతకుముందు నుంచే సాగుతోందని దర్యాప్తు సూచించింది. గమనించవలసింది వేరొకటి. దళారి ఆ తల్లికి అమ్మినది ప్రధానంగా గోప్యత. ఆసుపత్రి రిజిస్టరులో పేరు ఉండదు, ఇంటికి కబురు వెళ్లదు, పోలీసు రాడు. ఈ మూడింటినీ ప్రభుత్వం ఉచితంగా ఇవ్వగలిగిన నాడు దళారి వద్ద ఆమెకు పని ఉండదు. గతేడాది జులైలో సికింద్రాబాద్ సంతాన సాఫల్య కేంద్రం ఉదంతంలోనూ, పేద దంపతుల వద్ద కొన్న శిశువును అద్దెగర్భం ద్వారా పుట్టిన బిడ్డగా అంటగట్టి లక్షలు వసూలు చేశారన్నది పోలీసుల అభియోగం. కొనేవారికి కొదవ లేదు. 2024–25లో దేశంలో చట్టబద్ధంగా జరిగిన దత్తతలు 4,515. ఎదురుచూస్తున్న దంపతుల సంఖ్య 30 వేలకు పైమాటే. నవజాత శిశువుల తరలింపు జరిగిన ఆసుపత్రి లైసెన్సును తక్షణం నిలిపివేయాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 15న ఆదేశించింది. ఆ ఆదేశం సరఫరాదారును శిక్షిస్తుంది. బిడ్డను చేతిలో పెట్టుకుని నిలుచున్న స్త్రీ ఎటు వెళ్లాలో అది చెప్పదు, చెప్పవలసిన అవసరం ఆ కేసులో కోర్టుకు రాలేదు కూడా.

ఊయల సరిపోతుందా?

ఊయల పథకాలు ఉన్నాయి కదా అన్న ప్రశ్న సహజం. జయలలిత ప్రభుత్వం 1992లో సేలం జిల్లాలో ఆడ శిశుహత్యలను అరికట్టేందుకు ఊయల పథకాన్ని ప్రారంభించింది. కేరళలో 2002లో ‘అమ్మతొట్టిల్’ వచ్చింది. 2009 నాటి సమగ్ర బాలల పరిరక్షణ పథకం, దాని స్థానంలో వచ్చిన మిషన్ వాత్సల్య దత్తత కేంద్రాలకు అనుబంధంగా ఇటువంటి స్వీకరణ కేంద్రాలకు చోటిచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాసుపత్రుల వద్ద, శిశుగృహాల వద్ద ఊయలలు కనిపిస్తాయి. వీటివల్ల దక్కిన ప్రాణాలను తక్కువ చేసి చూడలేం. కానీ ఇవన్నీ పథకాలు, మార్గదర్శకాలు. ఊయలలో బిడ్డను ఉంచడం నేరం కాదని చెప్పే సెక్షన్ ఏదీ వీటి వెనుక లేదు. ప్రభుత్వం తానే పెట్టిన ఊయలను వాడుకున్న తల్లిని ప్రభుత్వ పోలీసులే వెదకవచ్చు.

వెదకడం చట్టప్రకారం తప్పనిసరి కూడా. ఊయలలో దొరికిన బిడ్డ చట్టం దృష్టిలో అప్పగించిన బిడ్డ కాదు, వదలివేసిన బిడ్డ. రెండేళ్ల లోపు బిడ్డ విషయంలో రెండు నెలల్లోగా కన్నవారిని కనుగొనే ప్రయత్నాలన్నీ పూర్తిచేసి, ఆ తరువాతే దత్తతకు అర్హతను ప్రకటించాలి. అందుకే బిడ్డ ఫొటోతో పత్రికా ప్రకటన ఇస్తారు. జిల్లా పేజీల్లో అడపాదడపా కనిపించే ఆ చిన్న ప్రకటనలు తెలుగు పాఠకులకు సుపరిచితమే: ఫలానా తేదీన ఫలానా చోట దొరికిన ఈ పాప తాలూకు వారెవరైనా ఉంటే ఇన్ని రోజుల్లోగా సంప్రదించాలి. ముఖం చాటేసి వెళ్లిన తల్లి మరునాడు పత్రికలో తన బిడ్డ ముఖాన్ని చూస్తుంది.

ఈ నిబంధనను తేలికగా కొట్టిపారేయలేం. ఊయలలో ఉన్నది అపహరించిన బిడ్డ కావచ్చు, తల్లికి తెలియకుండా అత్తింటివారో పుట్టింటివారో తెచ్చి ఉంచిన బిడ్డ కావచ్చు. కేరళలో జరిగినది మనకు దూరమైన విషయం కాదు. 2020లో తిరువనంతపురంలో ఒక యువతికి పుట్టిన బిడ్డను తన అనుమతి లేకుండా తల్లిదండ్రులే శిశు సంక్షేమ మండలికి చేర్చారని ఆమె ఆరోపించింది. ఆ బిడ్డ దత్తత ప్రక్రియలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దంపతుల ఒడికి చేరింది. చివరకు డీఎన్‌ఏ పరీక్ష జరిపి 2021 నవంబరులో బిడ్డను కన్నతల్లికి అప్పగించారు. నెలల తరబడి పెంచుకున్న ఆ దంపతుల వేదన గురించి రాసినవారు తక్కువ. ఎవరు ఉంచారో అడగని ఊయలకు ఉన్న లోపం ఇదే. అది తల్లిని కాపాడగలదు. తల్లికి అన్యాయం చేసినవారినీ కాపాడగలదు.

తెలుగు నేల మరొక హెచ్చరికను చరిత్రలో మిగిల్చింది. 1999లోనూ, 2001లోనూ హైదరాబాద్, తాండూరు ప్రాంతాల్లోని కొన్ని సంస్థలు లంబాడా తండాల నుంచి ఆడ శిశువులను అతి తక్కువ సొమ్ముకు సేకరించి విదేశీ దత్తతలకు పంపుతున్న వ్యవహారం బట్టబయలైంది. సంస్థలు చూపిన అప్పగింత పత్రాల మీద తల్లుల వేలిముద్రలు ఉన్నాయి. అంటే గోప్యమైన, సులువైన అప్పగింత ఆ రోజుల్లో ఉన్నట్టే లెక్క. దాన్ని దళారులు తమ పనిముట్టుగా మార్చుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో పేదరికం, ఆడపిల్ల కావడం వంటి కారణాలతో బిడ్డలను అప్పగించడాన్నే నిషేధించింది. ఆగ్రహంలో తీసుకున్న నిర్ణయమది. తలుపు మూసేస్తే దొంగ రాడనుకోవచ్చు, కానీ అప్పుడు లోపలివారికీ దారి ఉండదు.

పేరు లేకపోవడం వేరు, పేరు దాచడం వేరు

ప్రపంచ అనుభవం ఇక్కడ అక్కరకు వస్తుంది. టెక్సస్ రాష్ట్రం 1999లో తెచ్చిన చట్టాన్ని దశాబ్దం తిరిగేలోగా అమెరికాలోని 50 రాష్ట్రాలూ అనుసరించాయి. చివరగా 2008లో చేరిన నెబ్రాస్కా బిడ్డ వయసుకు పరిమితి పెట్టడం మరచింది. పదిహేడేళ్ల వయసున్నవారిని సైతం తెచ్చి ఆసుపత్రుల్లో వదలడంతో నెలల వ్యవధిలోనే చట్టాన్ని సవరించి 30 రోజుల పరిమితి విధించింది. ఫ్రాన్స్‌లో స్త్రీ తన పేరు చెప్పకుండానే ఆసుపత్రిలో ప్రసవించే హక్కు ఉంది. జర్మనీ 2014 మే 1 నుంచి ‘గోప్య ప్రసవం’ అనే మధ్యేమార్గాన్ని అమలు చేస్తోంది. తల్లి మారుపేరుతో ఆసుపత్రిలో చేరుతుంది. అసలు పేరును ఒకే ఒక కౌన్సెలర్ తెలుసుకుని, సీలువేసిన కవరులో భద్రపరచే ఏర్పాటు చేస్తారు. బిడ్డకు పదహారేళ్లు వచ్చాక ఆ కవరును చూడగోరవచ్చు. తల్లి అభ్యంతరం చెబితే కోర్టు నిర్ణయిస్తుంది. దక్షిణ కొరియా కూడా 2024 జులైలో ఇటువంటి చట్టాన్నే అమలులోకి తెచ్చింది. సియోల్‌లో ఒక చర్చి గోడకు అమర్చిన పెట్టెలో 2009 నుంచి బిడ్డలను వదలడం సాగుతుండగా, ఆ దేశం ఈ నిర్ణయానికి రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

భారతీయులకు ఇది పరాయి ఆలోచన కాదు. జోతిబా, సావిత్రిబాయి ఫులే దంపతులు 1863లో పుణెలో శిశుహత్యల నివారణ గృహాన్ని నెలకొల్పారు. గర్భం దాల్చిన వితంతువులు అక్కడికి రహస్యంగా వచ్చి ప్రసవించి వెళ్లవచ్చు, బిడ్డను అక్కడే విడిచిపెట్టవచ్చు. ఫులే దంపతులు దత్తత తీసుకున్న యశ్వంత్ అలా పుట్టిన బిడ్డే. అదే శతాబ్దంలో కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు, ఆ తరువాత రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహాల కోసం పోరాడిన నేపథ్యంలోనూ భ్రూణహత్యల, శిశుహత్యల విషాదం ఉంది. జర్మనీ పార్లమెంటు చట్టం చేయడానికి ఒకటిన్నర శతాబ్దం ముందే గోప్య ప్రసవాన్ని ఒక భారతీయ జంట సొంత ఇంటి వద్ద ఆచరణలో పెట్టింది.

బిడ్డ వైపు నుంచి చూసినా పేరు లేకపోవడం కన్నా పేరు దాచడమే మేలు. 1970, 80 దశకాల్లో కలకత్తా నుంచి ఐరోపా, అమెరికా దేశాలకు దత్తత వెళ్లినవారు ఇప్పుడు నడివయసులో తమ మూలాలు వెదుక్కుంటూ ఈ నగరానికి వస్తున్నారు. చాలామంది చేతిలోని కాగితంలో తల్లి గురించి ఒక్క వాక్యానికి మించి ఉండదు. తన పుట్టుక తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందని బాలల హక్కుల ఒడంబడిక చెబుతోంది. శిశు స్వీకరణ పెట్టెలను ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ విమర్శించడానికి కారణమదే. మన దత్తత నిబంధనలు మూలాల అన్వేషణను అనుమతిస్తూనే, కన్నవారి గోప్యతను దాటి వెళ్లరాదని షరతు పెట్టాయి. ఆ సమతూకం బాగానే ఉంది. సమస్య అంతకు ముందరి దశలో ఉంది.

వార్డులో మొదలయ్యే భయం

అవివాహిత తల్లి బాలల సంక్షేమ కమిటీ మొత్తం ఎదుట హాజరుకానవసరం లేదు. ఒక్క సభ్యురాలి ముందు బిడ్డను అప్పగించినా చాలునని దత్తత నిబంధనలు చెబుతున్నాయి. ఇది మంచి ఏర్పాటు. అవివాహిత తల్లి సంరక్షకత్వం కోరేటప్పుడు బిడ్డ తండ్రి పేరు వెల్లడించనక్కరలేదని సుప్రీంకోర్టు 2015లోనే తీర్పునిచ్చింది. కానీ కమిటీ దాకా వెళ్లేలోగా ఆమె దాటవలసిన గడపలు అనేకం. ఆసుపత్రిలో చేరడానికి గుర్తింపు కార్డు, పథకం వర్తించడానికి మరొక కార్డు. జనన నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రుల ఆధార్ సంఖ్య ఉన్నట్లయితే అదీ నమోదు చేయాలి. వివాహిత అయితే భార్యాభర్తలిద్దరూ అప్పగింత పత్రంపై సంతకం చేయాలి. భర్త వదలివెళ్లిన స్త్రీ, భర్త వల్ల కలగని బిడ్డను కన్న స్త్రీ ఈ నిబంధన ముందు ఏమి చేయగలరు?

అన్నిటికన్నా చిక్కు మైనరు తల్లులది. పశ్చిమ బెంగాల్‌కు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఈ రాష్ట్రంలో 20–24 ఏళ్ల మహిళల్లో 41.6 శాతం మందికి పద్దెనిమిదేళ్లలోపే పెళ్లయింది. 15–19 ఏళ్ల వారిలో 16.4 శాతం మంది సర్వే నాటికే తల్లులు లేదా గర్భిణులు; జాతీయ సగటు 6.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 12.6 శాతం, కనుక మనమూ ఊరట చెందవలసిన పని లేదు. పద్దెనిమిదేళ్లు నిండని బాలిక గర్భవతి అని తెలిసిన క్షణం నుంచే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు సమాచారమివ్వడం ఆసుపత్రి బాధ్యత. గర్భస్రావం కోరే మైనరు విషయంలో ఆమె గుర్తింపును ఆ నివేదికలో వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న వెసులుబాటు కల్పించింది. నెలలు నిండి ప్రసవించి, బిడ్డను అప్పగించదలచిన మైనరుకు అటువంటి వెసులుబాటు ఏదీ స్పష్టంగా లేదు. బిడ్డను వదలినందుకు ఆమెపై కేసు ఉండదని 38వ సెక్షన్ హామీ ఇవ్వవచ్చు. కానీ ప్రసవమే ఒక కేసుకు నాంది అయినప్పుడు ఆ హామీ ఆమెకు చేరదు. చాలా సందర్భాల్లో ఆ కేసులో నిందితుడు ఆమె పెళ్లాడిన కుర్రవాడే. దాంతో ఆమె ఆసుపత్రికి రాదు. ఇంట్లోనో, మంత్రసాని చేతిమీదనో, కొన్నిసార్లు ఎవరి తోడూ లేకుండానో ప్రసవం జరిగిపోతుంది.

కొత్తగా పూర్తి చట్టం కావాలా, ఉన్నదాన్ని సరిచేసుకుంటే చాలునా అన్నది నిపుణుల మధ్య చర్చనీయాంశమే. పరిశీలిస్తే, పెద్ద భాగం ఉన్న చట్టాల్లోనే సాధ్యమని తోస్తుంది. బాలల న్యాయ చట్టం కింద నియమావళి రూపొందించుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది. సంక్షేమ కమిటీ సభ్యురాలే ప్రసూతి వార్డుకు వచ్చి అప్పగింతను స్వీకరించాలని, తల్లి వివరాలు ఆసుపత్రి రిజిస్టరులో కాక సీలువేసిన దస్త్రంలో కమిటీ వద్దనే ఉండాలని, ఊయలలో బిడ్డను ఉంచినవారు అడిగితే కౌన్సెలరుతో మాట్లాడే ఏర్పాటు ఉండాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తన నియమాల్లో రాసుకోవచ్చు. రెండు నెలల పునరాలోచన గడువు ఊయల తల్లులకూ దక్కాలంటే ఈ సంభాషణ ఒక్కటే మార్గం. ప్రసవించిన మూడో రోజున తీసుకున్న నిర్ణయం ముప్పయ్యో రోజున మారిన సందర్భాలకు చోటివ్వడానికే ఆ గడువు పెట్టారు. ఎవరూ ఏమీ అడగని ఊయలలో అది వృథా అవుతోంది. 2023లో చైల్డ్‌లైన్ 1098 స్వచ్ఛంద సంస్థల నుంచి జిల్లా బాలల పరిరక్షణ యంత్రాంగం చేతుల్లోకి వెళ్లి, అత్యవసర సేవల 112తో అనుసంధానమైంది. పోలీసులు స్పందించే ఆ వ్యవస్థతో ముడిపడిన నంబరుకు భయంలో ఉన్న తల్లి ఫోన్ చేస్తుందా అన్న సందేహమూ తీర్చవలసిందే.

93వ సెక్షన్ మాత్రం రాష్ట్ర నియమాలతో మారదు. బాలల న్యాయ చట్టం ప్రకారం నిర్దేశించిన చోట శిశువును క్షేమంగా అప్పగించినా, ఉంచినా ఈ సెక్షన్ వర్తించదనే వివరణను పార్లమెంటు చేర్చాలి. లేదా నేర శాసనం ఉమ్మడి జాబితాలోని అంశం కనుక, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్ర శాసనసభే సవరణ చేసుకోవచ్చు. అంతవరకు చేయగలిగిన పని, ఖర్చు లేనిది, ఒకటి ఉంది. 38వ సెక్షన్‌లోని ఆ ఒక్క నిబంధనను పోలీసు స్టేషన్లకు ఉత్తర్వు రూపంలో పంపి, ప్రసూతి ఆసుపత్రుల్లో గర్భిణులు కూర్చునే చోట స్థానిక భాషలో పెద్ద అక్షరాలతో రాయించడం. కోల్‌కతాలో బెంగాలీ, హిందీ, ఉర్దూ మూడింటిలోనూ రాయవలసి ఉంటుంది. విశాఖలో, వరంగల్‌లో తెలుగు చాలు.